ఇనుపకడ్డి వెల

దశరథమహారాజు శంబరాసురునితో యుద్ధము చేయుచుండగా రథపు చక్రముచీల ఊడిపోయెననియు, ప్రక్కనున్న కైకేయి తన వ్రేలిని చీలకు మాఱుగా నుంచి రథము కూలకుండ కాపాడెననియు మన యిండ్లలో పెద్దలు చెప్పుకొనుట కలదు. ఆ కథ యెట్టిదైనను అందలి నీతి స్పష్టము. రథము నడచుటకు గుఱ్ఱముల బలమెంత ముఖ్యమో, వ్రేలెడు చీలయు నంత ముఖ్యము. ఆ సంగతిని సమయమునకు గ్రహించినది స్త్రీయే. కావున మోటారుకారు ఇరుసులను గుఱించియు, స్ప్రింగులను గుఱించియు స్త్రీల పత్రికలో వ్రాయుట యేల యని సోదరీమణులు ఆక్షేపింపరని నమ్ముచున్నాము.

నేడు మనలో పెక్కుమంది స్వయముగా కారు నడుపుచున్నారు. నడుపనివారును పిల్లలను ఒడిలో నిడుకొని వెనుకసీటున కూర్చుండి దూరప్రయాణములు చేయుచున్నారు. కారు రంగును, సీట్ల మెత్తదనమును చూచి మెచ్చుకొందుము గాని, మలుపులో ఆ కారును దారిపై నిలుపున దేదియని విచారింపము. ఆ నిలుపు పనిలో స్ప్రింగులకును, స్వే బారు అను నొక వంపుకడ్డికిని గల భాగము నిచట తెలుపదలచితిమి. అట్టి కడ్డి యొకటి లేకపోవుటచే అమెరికాలో ఒక కారు ఎట్టి యపకీర్తి పాలయ్యెనో, అందుండి దేశమున కొక చట్టమే యెట్లు పుట్టెనో కూడ చెప్పెదము.

స్ప్రింగు బిగువు

కారు శరీరమునకును చక్రములకును నడుమ స్ప్రింగులుండును. కొన్నింట ఇవి చుట్టలుగా నుండును. కొన్నింట జట్కాబండ్లకు గల కమానుబద్దలవలె నుండును. ఒక స్ప్రింగును ఒక అంగుళము క్రుంగదీయుటకు ఎంత బరువు వలయునో అదియే దాని బిగువు. 100 పౌన్లకు అంగుళము క్రుంగు స్ప్రింగు కంటె, 200 పౌన్లకు గాని అంగుళము క్రుంగని స్ప్రింగు రెండింతల బిగువు గలది.

తీగె లావు కొంచెము పెరిగినను బిగువు మిక్కిలి పెరుగును. తక్కిన కొలతలన్నియు మాఱకుండ తీగె మాత్రము రెండింతల లావైనచో బిగువు పదునాఱింత లగును. చుట్టలు తగ్గినను బిగువు హెచ్చును. పనిచేయు చుట్టలు ఎనిమిది గల స్ప్రింగులో ఒకదానిని కోసివేసిన, మిగిలిన యేడుచుట్టల స్ప్రింగు ఏడవవంతు హెచ్చు బిగువు గలదగును. కారు నేలకు దగ్గఱగా క్రుంగియుండిన చూపునకు బాగుండునని కొందఱు యువకులు స్ప్రింగులను కోయించుచుందురు. అట్లు కోసిన స్ప్రింగు తన గూటిలో సరిగా కుదురుకొనదు. గతుకులో చక్రము వ్రేలాడినపుడు తన తావు విడిచి కదలవచ్చును. ముద్దుకొఱకు చేసిన పని ముప్పుగా మాఱుట యిట్లే.

మెత్తని స్ప్రింగు సుఖము నిచ్చును. కాని మలుపులో కారు ఒక ప్రక్కకు చాల ఒఱగును. గట్టి స్ప్రింగు ఒఱుగుటను తగ్గించును; కాని గతుకులబాటలో చక్రము నేలను విడిచి ఎగిరిపడును. నేలను తాకని చక్రమునకు పట్టు లేదు. కాబట్టి ఎంత గట్టిగా నుండిన అంత మేలను మాట పొరపాటు. నున్నని పందెపుబాటకు తగిన స్ప్రింగు మన యూళ్ల దారులకు తగదు.

ముందు స్ప్రింగులకును వెనుక స్ప్రింగులకును గూడ పొత్తు కుదురవలయును. ఈ విషయమును చక్కగా పరిశోధించినవాడు మారిస్ ఆలీ అను ఇంగ్లీషు ఇంజనీరు. ఆయన అమెరికాలో రోల్స్ రాయిస్ కంపెనీ కొలువున నుండి, పిదప 1930లో జనరల్ మోటార్సు వారి కాడిలాక్ విభాగమున చేరెను. 1932లో ఒక పెద్దకారునకు అటునిటు జరుపదగిన బరువులను కట్టి, స్ప్రింగులను మార్చి మార్చి నడిపించి, అందు కూర్చుండినవారికి సుఖ మెట్లున్నదో అడిగి తెలిసికొనుచుండెను. ముందు స్ప్రింగులు వెనుకవానికంటె మెత్తగా, ఇంచుమించు నూటికి ముప్పదివంతులు తక్కువ బిగువుతో నుండుట మేలని ఆ పరీక్షలు తేల్చినవి. దీనికి కారణము సులభము. గతుకు ముందుచక్రములకు ముందుగా తగులును, వెనుకచక్రములకు కొంత తడవునకు తగులును. వెనుకభాగము కొంచెము త్వరగా ఊగునదైన, ఆలస్యముగా మొదలిడినను ముందుభాగపు టూపును కలిసికొనును. అప్పుడు కారు తల యెగురవేయు గుఱ్ఱమువలె గాక, ఉయ్యాలబల్లవలె సమముగా పైకి క్రిందికి కదలును.

1934 నాటికి ఈ మెత్తని ముందు స్ప్రింగులు, ఒక్కొక్క చక్రము వేఱువేఱుగా కదలు ఏర్పాటుతో జనరల్ మోటార్సు కార్లలో వచ్చినవి. సుఖము పెరిగెను, కాని మెత్తని స్ప్రింగులతో పాటు మలుపులో ఒఱుగుటయు పెరిగెను. ఆ లోపమును తీర్చుటకే వంపుకడ్డికి ప్రాముఖ్యము కలిగినది.

వంపుకడ్డి పని

ఈ కడ్డికి స్వే బారు, యాంటీ రోల్ బారు, స్టెబిలైజరు అని పలు పేర్లు. దీనికి తొలి పేటెంటు 1919లో కెనడా దేశపు స్టీఫెన్ కోల్మన్ అను నాతడు పొందెను. చూచుట కిది మిక్కిలి సామాన్యము. కారు అడుగున అడ్డముగా నొక ఉక్కుకడ్డి. దాని రెండు కొనలును వంగి రెండు చేతులవలె కుడియెడమ చక్రముల కడకు పోయి వానితో బంధింపబడును. అంతియే.

రెండు చక్రములును ఒక్కసారి పైకి లేచిన, కడ్డి తన రబ్బరు పట్టులలో ఊరక తిరుగును. ఏ పనియు చేయదు. కాని ఒక చక్రము పైకిని, రెండవది క్రిందికిని పోయిన, తడిబట్టను ఇద్దఱు రెండు కొనలను పట్టి పిండినట్లు కడ్డి మెలిపడును. ఉక్కు ఆ మెలికకు లొంగక ఎదురు తిరుగును. ఆ యెదిరింపే కారు ఒఱుగుటను తగ్గించును. ఇట్లు తిన్నని బాటలో స్ప్రింగుల మెత్తదనమును చెడగొట్టక, మలుపున మాత్రము బిగువు నిచ్చుట ఈ కడ్డిలోని విశేషము. దీని బిగువును లావునుబట్టి త్వరగా పెరుగును. 20 మిల్లీమీటర్ల కడ్డికి బదులు 22 మిల్లీమీటర్ల కడ్డి నుంచిన, చూపునకు భేదము కానరాదు గాని, బిగువు నూటికి 46 వంతులు పెరుగును.

ఇక ముఖ్యమైన సంగతి. ఈ కడ్డి కారు ఒఱుగుటను తగ్గించును గాని, మలుపులో వెలుపలి చక్రములపై పడు బరువును తగ్గింపజాలదు. ఒక లెక్క చూతము. కారు బరువు 1000 కిలోలు. బరువు కేంద్రము నేలకు 50 సెంటీమీటర్ల యెత్తున నున్నది. కుడియెడమ చక్రముల నడుమ దూరము 140 సెంటీమీటర్లు. మలుపులో కారును వెలుపలికి త్రోయు బలము దాని బరువులో సగమైనచో, ఇంచుమించు 180 కిలోలు లోపలి చక్రములను విడిచి వెలుపలి చక్రములపై పడును. అనగా ఒకవైపు 680, ఒకవైపు 320. ఈ 180 కిలోలలో ముందుజంట వంతెంత, వెనుకజంట వంతెంత యని నిర్ణయించుటయే కడ్డి చేయు పని. కడ్డి ఏ జంటకు కట్టబడునో ఆ జంటకు వంతు హెచ్చును, రెండవజంటకు తగ్గును. తోడికోడండ్రిద్దఱు పంచుకొను ఇంటిచాకిరివంటి దిది. ఒకరి వంతు హెచ్చిన రెండవవారికి తగ్గును గాని, మొత్తము పని తఱుగదు.

ఆ వంతుతో నేమి యందురేమో. టైరునకు బరువు రెండింతలైన నేలపై పట్టు రెండింతలు కాదు. అంతకు తక్కువగానే పెరుగును. కావున లోపలి చక్రము పోగొట్టుకొన్నంత పట్టును వెలుపలి చక్రము గడింపలేదు. ఏ జంటలో ఈ హెచ్చుతగ్గులు మిక్కుటమో ఆ జంట ముందుగా జాఱును. ముందు చక్రములు ముందుగా జాఱిన, కారు తిప్పినంత తిరుగక వెలుపలికి పోవును. దీనిని అండర్‌స్టీర్ అందురు. వెనుక చక్రములు ముందుగా జాఱిన, తోక విసరినట్లు వెనుకభాగము వెలుపలికి పోయి కారు గిఱ్ఱున తిరుగును. దీనిని ఓవర్‌స్టీర్ అందురు. మొదటిదానికి వేగము తగ్గించిన సాధారణముగా కారు మరల స్వాధీనమగును. రెండవదానిలో, భయపడి బ్రేకు త్రొక్కిన మఱింత కీడగును. కుటుంబములకు అమ్ము కార్లను మొదటిరీతి స్వభావము గలవిగా చేయుట యిందుచేతనే.

కార్వెయిర్ వృత్తాంతము

1959వ సంవత్సరము అక్టోబరులో షెవర్లే కంపెనీవారు కార్వెయిర్ అను క్రొత్తకారును విడుదల చేసిరి. ఆనాటి అమెరికా కార్లకు భిన్నముగా దీని యింజను వెనుకనుండెను; నీటితో గాక గాలితో చల్లబడుచుండెను; నాలుగు చక్రములును వేఱువేఱుగా కదలుచుండెను. 1960లో మోంజా అను సొగసైన రకము వచ్చి యువజనులను ఆకర్షించెను. 1962లో టర్బో అమర్చిన స్పైడర్ రకము వచ్చి స్పోర్ట్స్ కారు నడుపువారి మనస్సులను దోచెను.

ఇంజను వెనుకనుండుటచే కారు బరువులో నూటికి 62 వంతులు వెనుక చక్రములపై నుండెను. ఇట్టి కారునకు తోక విసరు స్వభావము సహజము. దానికి తోడు వెనుక ఇరుసు స్వింగ్ యాక్సిల్ అను రకమునకు చెందినది. ఒక్కొక్క వైపు ఇరుసునకు లోపలి కొననే కీలు గలదు. చక్రముకడ కీలు లేదు. భుజమువద్ద మాత్రమే కదలి, మోచేయియు మణికట్టును వంగని చేతిని తలచుకొనుడు. మలుపులో వెనుకభాగము పైకి లేచిన, చక్రము నిలువుగా నుండక క్రిందికి ముడుచుకొని టైరు అంచుపై నిలుచును. పట్టు హఠాత్తుగా తగ్గును.

ముందు చక్రములకు వంపుకడ్డి నుంచిన, బరువు మార్పులో హెచ్చువంతు ముందుజంటపై పడి వెనుకజంటకు ఊఱట కలుగును. కాని 1960 మొదలు 1963 వఱకు వచ్చిన మామూలు కార్వెయిర్లకు ఆ కడ్డి లేదు. దానికి మాఱుగా కంపెనీవారు టైర్లలో గాలి భేదముతో సరిపుచ్చిరి. చల్లగా నున్నపుడు ముందుటైర్లకు 15 పౌన్లు, వెనుకటైర్లకు 26 పౌన్లు గాలి యుండవలెనని నియమము. గాలి తక్కువైన ముందుటైరు ముందుగా జాఱును, వెనుకది నిలుచునని వారి యుపాయము. ఉపాయము శాస్త్రవిరుద్ధము కాదు. కాని అది ఎవరిచేతులలో పెట్టబడినది? పెట్రోలుబంకువాడు అలవాటు చొప్పున నాలుగు టైర్లకును సమముగా గాలి పట్టించిన, ఆ రక్షణ అంతయు ఒక నిమిషములో పోవును. కారు కొన్న గృహస్థులలో ఈ పదునొకండు పౌన్ల భేదము ప్రాణములకు కాపు అని యెఱిగినవారెందఱు?

ఇంకొక వింత కలదు. 1962లో ముందు కడ్డియు, గట్టి స్ప్రింగులును, వెనుక ఇరుసు మితిమీఱి ముడుచుకొనకుండ పట్టీలును కలిపి, హెచ్చువెలకు కోరినవారికి అమ్మసాగిరి. అనగా వేగము కోరు రసికులకు ఆ కడ్డి లభించెను. పిల్లలతో బజారునకు పోవు తల్లికి లభింపలేదు. ఏది ఎవరికి హెచ్చు అవసరమో విజ్ఞులు యోచింతురు గాక.

షెవర్లేలో పెద్ద పదవుల నుండిన జాన్ డెలోరియన్ చెప్పిన వృత్తాంతము 1979లో గ్రంథరూపమున వెలువడినది. 1961లో షెవర్లే అధిపతియైన నుడ్సెన్ ఈ కడ్డిని అన్ని కార్లకును పెట్టవలెనని పట్టుపట్టెననియు, ఖర్చు హెచ్చని పైవారు మొదట నిరాకరించిరనియు, రాజీనామా చేసెదనని ఆయన బెదిరించిన పిమ్మట ఒప్పుకొనిరనియు ఆయన కథనము. కారు ఒక్కింటికి ఆ ఖర్చు ఇంచుమించు 15 డాలర్లట.

1964 కార్లకు ముందు కడ్డి వచ్చెను. వెనుక అడ్డముగా నొక కమాను వచ్చెను. ఈ కమాను బరువును మోయుటకు తోడ్పడును గాని మలుపులో ఒఱుగుటకు అంతగా అడ్డుపడదు. కావున వెనుక చుట్టస్ప్రింగులను మెత్తబఱుప వీలయ్యెను. ముందు బిగువు హెచ్చించి, వెనుక బిగువు తగ్గించిరి. చక్రము ముడుచుకొనుటయు అదుపునకు వచ్చెను. 1965లో వెనుక ఇరుసునకు రెండుకొనలను కీళ్లుగల క్రొత్త యేర్పాటు వచ్చి ఆ దోషము తొలగిపోయినది. అట్టి కార్లనే మఱింత సవరించి పెన్సిల్వేనియా రాష్ట్రపు డాన్ యెంకో 1966లో స్టింగర్ అను పేర నూఱుకార్లను పందెములకు సిద్ధపఱచెను.

న్యాయస్థానమునుండి శాసనసభకు

అయినను పూర్వపు కార్లు లక్షలుగా దారులపై నుండెను. 1961లో కాలిఫోర్నియాలో ఒక స్త్రీ నడుపుచున్న కార్వెయిర్ బోర్లపడి ఆమె ఎడమచేయి పోయెను. 1964లో విచారణ జరుగుచుండగా కంపెనీవారు 70,000 డాలర్లకు రాజీపడిరి. ఇట్టి దావాలు నూఱుకు మించినవి. 1965 నవంబరులో రాల్ఫ్ నాడర్ అను యువన్యాయవాది కార్ల భద్రతను గుఱించి ప్రకటించిన గ్రంథమున మొదటి యధ్యాయము ఈ కార్వెయిర్‌ను గుఱించినదే. కంపెనీవారు ఆయన నడవడిని శోధించుటకు గూఢచారులను నియోగించిరి. ఆ సంగతి బయటపడగా, 1966 మార్చిలో జనరల్ మోటార్సు అధ్యక్షుడు జేమ్స్ రోష్ సెనేటు ఉపసంఘము ఎదుట క్షమాపణము చెప్పుకొనవలసి వచ్చెను. ఆ సంవత్సరమే సెప్టెంబరులో అమెరికాలో వాహనభద్రతా చట్టము అమలునకు వచ్చి, కార్ల నిర్మాణమునకు ప్రభుత్వము నియమములు విధించు నధికారము ఏర్పడెను. 1970లో నాడర్ వేసిన దావా 4,25,000 డాలర్లకు రాజీయయ్యెను. 1969 మే నెలలో కార్వెయిర్ నిర్మాణము నిలిచిపోయెను.

న్యాయము చెప్పవలెనన్న రెండవవైపు మాటయు చెప్పవలయును. 1972లో అమెరికా ప్రభుత్వపు భద్రతాసంస్థ 1960–63 కార్వెయిర్లను ఆనాటి యితర కార్లతో పోల్చి పరీక్షించి, అవి తమ కాలపు కార్లకంటె విశేషముగా స్వాధీనము తప్పునవి కావని తేల్చెను. ఈ తీర్పును పట్టుకొని ఆ కారును మెచ్చువారు నేటికిని వాదింతురు. నాడర్ పక్షమువారు ఒప్పుకొనరు. మాకు తోచున దిది. ఇతర కార్లు కూడ అంతే చెడ్డవన్నచో, అది ఒక కారునకు నిర్దోషిత్వమే గాని గృహస్థులకు క్షేమము కాదు. మేలైన పద్ధతి తెలిసియుండియు, దానిని కోరి హెచ్చువెల యిచ్చినవారికి మాత్రమే యొసగుట ధర్మమా యను ప్రశ్న ఆ పరీక్షతో తీరలేదు.

సవరించువారికిని, ప్రయాణించువారికిని

ఇంటిలో తమ్ముడో, కుమారుడో స్పోర్ట్స్ కారు సవరించు నుత్సాహము గలవాడైన, ఈ నాలుగు మాటలు చెప్పవచ్చును. మొదట కారు మోయు బరువునకును, నడచు బాటకును తగిన స్ప్రింగులను ఎంచవలయును. తరువాతనే ముందువెనుకల తూనికను కడ్డితో సరిచేయవలయును. ఒకసారి ఒక్క మార్పే చేసి, ఫలము వ్రాసియుంచి, పిదప రెండవదానికి పోవలయును. కూరలో ఉప్పును, పులుపును ఒక్కసారి మార్చిన, రుచి దేనిచే మాఱెనో తెలియదు గదా. కొన్ని కడ్డీల కొనలందు రెండుమూడు రంధ్రము లుండును. లోపలి రంధ్రమునకు బంధించిన చేయి కుఱుచయై బిగువు హెచ్చును. వెలుపలిదానికి బంధించిన తగ్గును. కారు తిరుగక వెలుపలికి పోవుచున్న, ముందు కడ్డిని సడలించుటయో వెనుక కడ్డిని బిగించుటయో చేయుదురు. తోక విసరుచున్న, దీనికి వ్యతిరేకము. కడ్డి మితిమీఱిన బిగువైన లోపలి చక్రము నేలను విడిచి లేచును. ఒక చక్రము గతుకు రెండవదానికిని ప్రాకును. స్ప్రింగు బిగించినపుడు దాని యూపును ఆపు షాక్ అబ్జార్బరును గూడ తగినట్లు మార్చవలయును. పరీక్ష జనులు తిరుగు బాటలపై గాక, అందులకు ఏర్పఱచిన మైదానములందే చేయవలయును.

ఇక మనవంటి వారికి. టైర్లకు ఎంత గాలి యుండవలెనో సాధారణముగా డ్రైవరు తలుపు చట్రముపై నొక చీటి యంటించి యుందురు. ముందు వెనుకల అంకెలు వేఱైనచో అది అచ్చుతప్పు కాదు. కారణముండియే అట్లు వ్రాసిరి. గాలి పట్టించునపుడు ఆ చీటిని చూపి, అంతే పట్టింపుడు. అదియు ప్రయాణమునకు ముందు, టైర్లు చల్లగా నున్నపుడు చూపించుట మేలు. బండి క్రింద కడకడమని చప్పుడైన, కడ్డి రబ్బరులో లింకులో అరిగినవేమోయని మెకానిక్కు నడుగుడు. క్రొత్తకారు కొనునపుడు పాటల పెట్టెను, తెరను చూపువారే గాని స్ప్రింగులను, కడ్డిని చూపువారు లేరు. మనమే అడుగవలయును. అడిగినంతమాత్రమున నవ్వువారు నవ్వనిండు. పదునైదు డాలర్ల కడ్డిని గుఱించి ముందుగా అడిగినవారు ఆనాడు కొందఱుండిన, ఎన్ని యిండ్లు దుఃఖము తప్పించుకొనియుండెడివో!